యూకే అలాట్‌మెంట్‌లో లేటుగా నాటిన మొక్కలు చలికాలం దాటుతాయా?

స్లౌ_సుజాత | అక్టోబర్ 6

అందరికీ నమస్తే అండి, ఇన్నాళ్ళూ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. కూరగాయలు పండించుకోవడానికి కౌన్సిల్ అద్దెకిచ్చే అలాట్‌మెంట్ స్థలం కోసం వెయిటింగ్ లిస్టులో ఎప్పుడో పెట్టిన పేరుకి ఈ ఆగస్టు ఆఖర్లో సగం ప్లాటు వచ్చింది, 5 రాడ్లు, అంటే సుమారు 125 చదరపు మీటర్లు. నడుం ఎత్తు గడ్డి, బ్రాంబుల్ ముళ్ళకంప కొట్టి బాగు చేసుకునేసరికే సెప్టెంబర్ మూడో వారం వచ్చేసింది, అప్పుడు గార్డెన్ సెంటర్లో మిగిలిపోయిన నారు తెచ్చి పర్పుల్ స్ప్రౌటింగ్ బ్రోకలీ, కర్లీ కేల్, స్ప్రింగ్ క్యాబేజీ, లీక్స్ (ఉల్లి జాతిదే, లావుపాటి ఉల్లికాడలా ఉంటుంది) నాటాను, ఒక పక్కన పాలకూర, కొత్తిమీర, మెంతులు చల్లాను.

ఇప్పుడు బ్రోకలీ జానెడు ఉంది, లీక్స్ అయితే పెన్సిల్ కంటే సన్నం. పక్క ప్లాటు పెద్దాయన వచ్చి చూసి, ఇవింక ఎదగవమ్మా, పీకేసి కలుపు రాకుండా అట్టపెట్టెలు పరిచేసుకో, మార్చిలో మొదలుపెట్టు అన్నారు. చాలా బాధగా ఉంది. మాది లండన్ పక్కన స్లౌ, బంకమట్టి. యూరియా లాంటిది ఏదైనా వేసి చలి ముదిరేలోపు గబగబా పెంచే దారి ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మట్టిచేతులు (రెడింగ్) | అక్టోబర్ 6

సుజాత గారూ, పీకకండి. పెద్దాయన చెప్పినదాంట్లో సగం నిజం, ఎదగవు అన్నది కరెక్టే, కానీ ఎదక్కపోవడం వేరు, చచ్చిపోవడం వేరు. మన దగ్గర కార్తీకం నుంచి సంక్రాంతి దాటేదాకా కూరగాయలకి అసలు సీజను కదా, కాలీఫ్లవరూ ముల్లంగీ కొత్తిమీరా అన్నీ అప్పుడే బాగొస్తాయి, అందుకని చలికాలం అంటే పంట పెరిగే కాలం అన్న లెక్క మన బుర్రలో ఉండిపోయింది. ఇక్కడ చలి కంటే ముందు వెలుతురు చూసుకోవాలి. పగలు 10 గంటలకి తగ్గిందంటే మొక్క దాదాపు ఆగిపోతుంది, మీ వైపు అది అక్టోబర్ ఆఖరి వారంలో మొదలై ఫిబ్రవరి మధ్య దాకా ఉంటుంది, డిసెంబర్ 21కి ఎనిమిది గంటలు కూడా ఉండదు. ఆ రోజుల్లో మొక్క చేసే పనల్లా ఉన్న ప్రాణాన్ని నిలుపుకోవడం. మనం చేయాల్సింది కూడా అదే, పెంచడం కాదు, నిలబెట్టడం.

కాబట్టి యూరియా అస్సలు వద్దు. ఇప్పుడు నత్రజని ఇస్తే ఆకు నీరు పట్టి మెత్తగా పెరుగుతుంది, మొదటి గట్టి మంచుకే నల్లబడిపోతుంది, పైగా మీరు వేసినదాంట్లో చాలా భాగం చలికాలం వానలకి కిందికి కొట్టుకుపోతుంది. ఎరువు ఫిబ్రవరి ఆఖర్లో వేద్దురు గాని.

ఇప్పుడు వెంటనే చేయాల్సింది బ్రోకలీ, కేల్, క్యాబేజీ మొక్కల్ని మట్టిలో గట్టిగా బిగించడం. ఎలా తెలుస్తుందంటే పై ఆకు ఒకటి పట్టుకుని లాగండి, ఆకు చిరగాలి గానీ మొక్క కదలకూడదు. కదిలితే కాండం చుట్టూ మడమతో తొక్కండి, మట్టి మరీ తడిగా లేనప్పుడు మాత్రమే, బంకమట్టి తడి మీద తొక్కితే ఇటుకలా బిగుసుకుపోతుంది. తొక్కాక కింది ఆకుల దాకా మట్టి ఎగదోయండి, బ్రోకలీకి పక్కన ఒక కర్ర పాతి మెత్తటి తాడుతో 8 అంకెలా కట్టండి. నవంబర్ గాలులకి మొక్క అటూ ఇటూ ఊగితే కాండం మొదట్లో చుట్టూ గుంట పడుతుంది, దాంట్లో నీళ్ళు నిలుస్తాయి, గడ్డకడతాయి, అక్కడే కుళ్ళు మొదలవుతుంది. నేను చూసినంతలో ఈ ఊళ్ళలో చలికి పోయే మొక్కలు తక్కువ, గాలికి ఊగి నీళ్ళు నిలిచి పోయేవే ఎక్కువ.

ఇంకోటి, మీ స్ప్రింగ్ క్యాబేజీ అసలు లేటే కాదు. అది సెప్టెంబర్, అక్టోబర్‌లోనే నాటుకోవాలి, చిన్నగా ఉండి చలికాలం దాటడమే దాని పద్ధతి.

ఓరుగల్లు_అనిత (లీడ్స్) | అక్టోబర్ 7

సుజాతక్కా, చలి సంగతి అటుంచు, నెట్ ఏసినవా లేదా ముందు అది చెప్పు. ఈడ వుడ్ పిజియన్ అని ఉంటయి, మన దిక్కు ఇండ్ల మీద తిరిగే చిన్న పావురాలు గావు, మెడకు తెల్లమచ్చ ఉంటది, మంచిగ బలిసి ఉంటయి. డిసెంబర్, జనవరిల వాటికి బయట తినెటందుకు ఏం దొరకదు గద, పొద్దుగాల్నే వచ్చి కేల్ ఆకు మొత్తం తిని నడిమి ఈనెలు ఇడిచిపెట్టి పోతయి. ఒక్క పొద్దుల మొత్తం మడి ఖతం.

నేనైతే ప్లంబింగ్ షాపుల దొరికే నీలం రంగు వాటర్ పైపు తెచ్చి ముక్కలు కోసిన, మడికి రెండు దిక్కుల వెదురు కర్రలు గుచ్చి పైపు కొనలు వాటికి తొడిగితే మంచిగ కమాన్ లెక్క నిలవడ్తది, దాని మీద నెట్ కప్పి అంచులకు ఇటుకలు పెట్టాలె. నెట్ మాత్రం మొక్కకు తగలొద్దు, తగిలితే పావురం దాని మీద కూసొని సందులకెళ్ళి పొడుచుకుంటది. మంచు కురిసినప్పుడు పోయి దులపాలె, లేకుంటె బరువుకు పైపులు వంగి మొక్కల మీద పడ్తయి. కేల్ గురించి రంది వద్దు, మంచు తిన్న కేల్ ఇంకా తియ్యగైతది, చలికి మొక్క పిండిపదార్థాన్ని చక్కెర జేసుకుంటది అంట, అందుకే. క్రిస్మస్ తర్వాత కోసిన కేల్ తోని పెసరపప్పు ఏసి వండు, మళ్ళ మాట్లాడుదాం.

కోనసీమ_కిరణ్ (బ్రిస్టల్) | అక్టోబర్ 7

లీక్స్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తానండి. సన్నగా ఉన్నాయని బెంగ పెట్టుకోకండి, లీక్ చలికి చాలా గట్టిదండి, భూమిలోనే ఉంచేయొచ్చు, ఏప్రిల్ దాకా టైముంటదండి దానికి. డిబ్బర్ అనే మొనదేరిన కర్రతో అరచెయ్యంత లోతు, అంటే 15 సెంటీమీటర్లు కన్నం చేసి మొక్క దించి నీళ్ళు పోసి వదిలేశారా, లేక మట్టి కప్పేశారా? కప్పినా పర్లేదు గానీ కన్నం వదిలేస్తే కాండానికి లావయ్యే చోటుంటుంది, తెల్లభాగం కూడా పొడుగొస్తది.

అసలు జాగ్రత్త ఏంటంటే అండి, ఏలియం లీఫ్ మైనర్ అని ఒక చిన్న ఈగ ఉంది, ఈ దేశంలో 2002లో మొదటిసారి కనపడింది, ఇప్పుడు చాలా చోట్లకి పాకిపోయింది. అది అక్టోబర్, నవంబర్‌లో ఒకసారి, మళ్ళీ మార్చి, ఏప్రిల్‌లో ఒకసారి ఆకుల మీద గుడ్లు పెడతది. ఆకు మీద వరసగా తెల్ల చుక్కలు కుట్టు వేసినట్టు కనిపిస్తే అదేనండి. తర్వాత పురుగు లోపలికి దిగిపోయి, కోసి చూస్తే పొరల మధ్య బియ్యపు గింజ కంటే చిన్న గోధుమరంగు ప్యూపాలు ఉంటాయి, ఆ గాట్లలోంచి కుళ్ళు పడతది. మందుల్లేవండి మన చేతికి. ఈ శనివారమే సన్నకన్నాల మెష్ కప్పేయండి, పావురాలకి వేసే పెద్ద కన్నాల నెట్ దీనికి పనికిరాదు.

కడప_కుర్రోడు (అబర్డీన్) | అక్టోబర్ 8

అందరూ ధైర్యం చెప్తాండారు బానే ఉండాది గానీ, ఇది చదివే స్కాట్లాండ్ వైపు వాళ్ళు మాకూ ఇదే లెక్క అనుకోవాకండి. మాకు డిసెంబర్లో పగలు ఏడు గంటలు కూడా ఉండదు. 2022 డిసెంబర్లో మా పక్కనే బ్రేమర్‌లో మైనస్ 17.3 పడింది. మా దగ్గర సెప్టెంబర్ మూడో వారంలో నాటిన బ్రోకలీకి అక్టోబర్ ఆఖరుకి ఐదారు గట్టి ఆకులు రాలేదంటే నేనైతే తీసేసి ఆ మడిలో వెల్లుల్లి నాటుకుంటా. సన్నటి కాండం అంత చలికి నిలబడదు, నిలబడినా ఏప్రిల్లో చిటికెడు పువ్వు పెట్టి ఆగిపోతాది, ఆ మాత్రానికి ఆరేడు నెలలు మడి ఖాళీ లేకుండా పోతాది.

స్లౌలో కథ వేరే, ఒప్పుకుంటా. అయినా మీరు కూడా అన్నిట్నీ కాపాడాలని చూడాకండి అక్కా, బలంగా ఉండే వాటినే ఉంచండి, మరీ పీలగా ఉండేవి తీసేస్తే మిగతా వాటికి గాలి, ఎలుతురు బాగా తగులుతాయి.

మట్టిచేతులు (రెడింగ్) | అక్టోబర్ 8

కడప తమ్ముడు చెప్పింది స్కాట్లాండ్ వరకు నేను ఒప్పుకుంటా. దక్షిణాన మాత్రం సన్న మొక్కనైనా ఉంచమనే అంటాను, ఎందుకంటే ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ప్లాటులో తినడానికి ఏమీ ఉండదు, పాత పంట అయిపోతుంది కొత్తది రాదు, ఆ గ్యాప్‌లో వచ్చే గుప్పెడు బ్రోకలీకి కూడా విలువ ఉంది. మడి ఎలాగూ మార్చి దాకా ఖాళీయే కదా.

స్లౌ_సుజాత | అక్టోబర్ 9

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి, నిన్న సాయంత్రం వెళ్ళి ఆకు పట్టుకుని లాగి చూశాను, సగం మొక్కలు కదిలాయి, అన్నిటికీ బిగించి కర్రలు కట్టాను. నీలం పైపు ఈ వారం తెస్తాను. మరి కొత్తిమీర, మెంతికూర, పాలకూర సంగతేంటి? ఇంకా నాలుగు మీటర్ల మడి ఒకటి ఖాళీగా ఉంది, ఇప్పుడు వేయగలిగినవి ఏమైనా ఉన్నాయా, లేక అట్టలు పరిచేయనా?

బచ్చలి_భాను (మిల్టన్ కీన్స్) | అక్టోబర్ 9

ఆకుకూరలు నా సబ్జెక్టు కాబట్టి వచ్చేశా. మన ఆకుకూరలు రెండు రకాలు అనుకోండి, తోటకూర, గోంగూర, బచ్చలి మొదటి మంచుకే పోతాయి, వాటి మీద ఫ్లీస్ (మొక్కల మీద కప్పే పల్చటి తెల్ల గుడ్డ) కప్పి లాభం లేదు. పాలకూర మాత్రం గట్టిది, ముఖ్యంగా జెయింట్ వింటర్ లాంటి చలికాలపు రకం అయితే ఆకు నేలకి అంటుకుపోయి పడుకుంటుంది, చూస్తే చచ్చిందనిపిస్తుంది, మార్చిలో మధ్యలోంచి లేస్తుంది. కొత్తిమీర తేలికపాటి మంచుకి తట్టుకుంటుంది, నిజానికి ఇక్కడ ఎండాకాలం కంటే ఇప్పుడే నయం, జూన్‌లో అయితే కొద్ది వారాలకే పువ్వు పెట్టేస్తుంది కదా. మెంతి ఇంకొంచెం సుకుమారం, డిసెంబర్ దాకా వచ్చినంత కోసుకోండి, తర్వాత ఆశ పెట్టుకోకండి, వంటింటి కిటికీలో ట్రే పెట్టి చిన్న మెంతి పెంచుకోవడం మేలు.

ఫ్లీస్ కొనేటప్పుడు చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో చూడండి, 17 గ్రాములది మహా అయితే ఓ రెండు డిగ్రీలు కాపాడుతుంది, 30 గ్రాములది అంతకంటే నయం కానీ వెలుతురు ఇంకాస్త తగ్గిస్తుంది. ఆకుల మీద నేరుగా పరవకండి, తడిసి గడ్డకట్టి ఆకుకి అతుక్కుపోతుంది, అనిత చెప్పిన పైపు కమాన్ల మీదే వేయండి. మబ్బు లేని పగలు ఒక పక్క ఎత్తి గాలి తగలనివ్వండి, లేకపోతే లోపల తేమకి బూడిదరంగు బూజు పట్టేస్తుంది.

ఇంకో మాట, చుక్కకూర కావాలంటే ఇక్కడి సారెల్ మొక్క ఒక్కటి పెట్టుకోండి. మన చుక్కకూర ఏడాది మొక్క, ఇది దాని చుట్టమే గానీ ఏళ్ళ తరబడి బతుకుతుంది, చలికి ఆకు రాల్చినా ఫిబ్రవరి ఆఖరుకి మళ్ళీ చిగురేస్తుంది. పప్పులో వేస్తే మా అమ్మ కూడా తేడా పట్టుకోలేదు.

మట్టిచేతులు (రెడింగ్) | అక్టోబర్ 10

ఖాళీ మడికి రెండు పంటలు ఇంకా టైములో ఉన్నాయి. ఒకటి వెల్లుల్లి. నాటడానికని అమ్మే సీడ్ గార్లిక్ కొనండి, షాపులో కూరకి అమ్మేది ఏ వేడి దేశం నుంచి వచ్చిందో తెలియదు, జబ్బులు కూడా తేవచ్చు. రెబ్బ రెబ్బకీ 15 సెంటీమీటర్లు, వరసకీ వరసకీ 30, మొన పైకి ఉండేలా మట్టిలోకి పూర్తిగా దించండి, బయటికి కనిపిస్తే పక్షులు పీకేస్తాయి. దీనికి చలి శత్రువు కాదు, అవసరం. 10 డిగ్రీల లోపు చలి ఒకటి రెండు నెలలు తగలకపోతే గడ్డ రెబ్బలుగా విడదు, ఉల్లిపాయలా ఒకే ముద్ద అవుతుంది.

రెండోది బ్రాడ్ బీన్స్, అంటే చిక్కుడులా కాయలోని లావు గింజలు తినే పంట, అక్వాడల్స్ క్లాడియా అనే రకం. తొందరపడి ఇప్పుడే వేయకండి, నవంబర్ మొదటి వారంలో 5 సెంటీమీటర్ల లోతున, 20 సెంటీమీటర్లకి ఒకటి. ముందే వేస్తే డిసెంబర్‌కి పొడుగైపోయి గాలికి విరుగుతుంది, బెత్తెడు మొక్కగా చలిలోకి వెళ్తే చాలు. విరిగినా మొదట్లోంచి పిలకలు వేస్తుంది. ఎలుకలు గింజలు తవ్వుకుపోతాయి, మీ సైటులో ఎలుకలుంటే ఇంట్లో చిన్న కుండీల్లో మొలిపించి నాటండి. మేలో పువ్వు బాగా వచ్చాక కొస చిగుళ్ళు తుంచుతాం, అవి వేపుడు చేసుకుంటే చాలా బావుంటాయి.

ఫార్మసీ_పద్మ | అక్టోబర్ 10

బ్రాడ్ బీన్స్ మాట వచ్చింది కాబట్టి ఒక్క విషయం. జీ6పీడీ (ఎర్రకణాలని కాపాడే ఒక ఎంజైమ్) లోపం ఉన్నవాళ్ళు ఇవి తినకూడదు, రక్తంలో ఎర్రకణాలు పగిలిపోతాయి, చిన్నపిల్లల్లో మరీ ప్రమాదం. మన వాళ్ళలో కూడా ఈ లోపం ఉన్న కుటుంబాలు ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా ఉందని డాక్టర్ చెప్పి ఉంటే ఆ మడిలో వేరే ఏదైనా వేసుకోండి.

స్లౌ_సుజాత | డిసెంబర్ 11

మళ్ళీ నేనే. రాత్రి మైనస్ 5 అట, పొద్దున్నే ప్లాటుకెళ్తే గుండె ఆగిపోయింది. బ్రోకలీ ఆకులన్నీ నల్లపచ్చగా వేలాడిపోయి అద్దంలా ఉన్నాయి, కేల్ కూడా అంతే. అయిపోయినట్టేనా? వేడినీళ్ళు చల్లాలా?

ఓరుగల్లు_అనిత (లీడ్స్) | డిసెంబర్ 11

అక్కా నీళ్ళు ఏం చల్లకు, ఆకును అసలు ముట్టుకోకు. గడ్డకట్టిన ఆకు ముట్టుకుంటె విరుగుతది, దానంతట అదే కరగనియ్యి. మొక్క చలికి ఆకుల నీళ్ళు సర్దుకుంటది, అందుకే గట్ల వాలుతది, పగటీలి మళ్ళ పోయి చూడు.

స్లౌ_సుజాత | డిసెంబర్ 11

మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ వెళ్ళాను. లేచి నిలబడ్డాయి!! ఫ్లీస్ కింద కొత్తిమీర కూడా బానే ఉంది. మెంతి మాత్రం పోయింది, భాను గారు చెప్పినట్టే. ఒక చోట క్యాబేజీ మధ్య దారిలో నీళ్ళు నిలిచిపోయి ఉన్నాయి, అది ఏం చేయను?

కోనసీమ_కిరణ్ (బ్రిస్టల్) | డిసెంబర్ 12

దారి పక్కనే పారెడు లోతు సన్న కాలవ తీసి పల్లం వైపు వదిలేయండి, మా వరిచేల్లో మురుగు తీసినట్టేనండి. మడిలోకి మాత్రం కాలు పెట్టకండి, తప్పదంటే ఒక చెక్కపలక వేసుకుని దాని మీద నిలబడండి. కింద పండిపోయిన ఆకులు ఎప్పటికప్పుడు తుంచి పారేయండి, వాటి కిందే నత్తలు దాక్కుంటాయి. నత్తల మందు పాత డబ్బా షెడ్డులో ఎవరిదైనా దొరికితే వాడకండి, మెటాల్డిహైడ్ గుళికలు 2022 మార్చి ఆఖరు నుంచి ఇక్కడ నిషేధం, ఫెర్రిక్ ఫాస్ఫేట్‌వి అయితే వాడుకోవచ్చు.

స్లౌ_సుజాత | మార్చి 2

అప్‌డేట్. బ్రోకలీలో రెండు పోయాయి, మిగతావి మధ్యలోంచి కొత్త ఆకు తీస్తున్నాయి. పాలకూర లేచింది. వెల్లుల్లి జానెడు వచ్చింది. బ్రాడ్ బీన్స్ మంచుకి కొన్ని వాలాయి గానీ మొదట్లో పిలకలు కనిపిస్తున్నాయి. లీక్స్ ఇప్పుడు నా బొటనవేలంత లావు, మెష్ తీయలేదు. ఇప్పుడు ఎరువు వేయొచ్చా?

మట్టిచేతులు (రెడింగ్) | మార్చి 2

ఇప్పుడు వేయండి, ఇదే టైము. కోళ్ళ ఎరువు గుళికలు క్యాబేజీకి, బ్రోకలీకి, పాలకూరకి ఒక్కో మొక్క చుట్టూ పిడికెడులో సగం చల్లి పైపైన కెలకండి. బ్రాడ్ బీన్స్‌కి వద్దు, వాటి నత్రజని అవే చూసుకుంటాయి. క్యాబేజీ దగ్గరదగ్గరగా నాటి ఉంటే మధ్యలో ఒకటి వదిలి ఒకటి ఇప్పుడే కోసుకుని కూర వండేయండి, మిగిలినవి ముద్దకడతాయి. నెట్ మాత్రం తీయకండి, లేత ఆకు మీదే పావురాలకి ఎక్కువ మోజు.

స్లౌ_సుజాత | ఏప్రిల్ 19

బ్రోకలీ మధ్య పువ్వు నిమ్మకాయంత వచ్చింది, కోసేయాలా ఇంకా పెద్దదవుతుందా? లీక్స్ సగం ఇంకా మడిలోనే ఉన్నాయి. పక్క ప్లాటు పెద్దాయన ఇవాళ వచ్చి ఏ రకం నారు అని అడిగి రాసుకెళ్ళారు.

కడప_కుర్రోడు (అబర్డీన్) | ఏప్రిల్ 19

కోసేయ్ అక్కా, మొగ్గ విచ్చుకోకముందే. అది కోస్తేనే పక్క పిలకలు వస్తాయి, వాటినీ రెండు మూడు రోజులకొకసారి తుంచుతా ఉండాల, పసుపు పువ్వు కనపడిందంటే మొక్క ఇంక ఆగిపోతాది. మా దగ్గర ఇంకా మొగ్గే లేదు.

కోనసీమ_కిరణ్ (బ్రిస్టల్) | ఏప్రిల్ 20

లీక్స్ ఇంక ఆపకండి, మే వచ్చేలోపు అన్నీ తవ్వేయండి. మధ్యలో పూకాడ మొదలైందంటే అది కొయ్యలా గట్టిపడిపోద్ది. అలా వచ్చినవాటిని నిలువునా చీల్చి ఆ కాడ తీసేస్తే చుట్టూ ఉన్న పొరలు ఉల్లికాడల కూరలా శనగపిండి చల్లి చేసుకోవచ్చు. ఎక్కువైతే తరిగి ఫ్రీజర్లో పెట్టేయండి. ఖాళీ అయిన మడిలో మే మధ్య దాకా మంచుకి తట్టుకోనివేవీ నాటకండి, చివరి మంచు అప్పటిదాకా పడొచ్చు, ఈలోపు ఇంట్లో ఫ్రెంచ్ బీన్స్ మొలకెత్తించుకోండి. ఆగస్టులోపు ఆ మడి ఖాళీ చేసుకుంటే ఈసారి బ్రోకలీ నారు టైముకి దిగుద్ది.